తమ్ముడి కోసం తెరిచిన దారి

తమ్ముడి సంచీలో ముందు లాప్‌టాప్ పెట్టాలా, పొడిబట్టలు పెట్టాలా అన్న దగ్గర వదినా మరదళ్లకు మాట తేడా వచ్చింది.

"బట్టలు అడుగున పెడితే తడుస్తాయి వదినా. పడవలో సంచీ పెట్టేది నీళ్లలోనే కదా," అంది మరదలు.

"లాప్‌టాప్ అడుగున పెడితే అది తడుస్తుంది. అది తడిస్తే వాడు వెళ్లీ ఉపయోగం లేదు."

"ఉపయోగం లేకపోతే వెళ్లొద్దని చెప్పండి. పొద్దుటి నుంచీ నేను మొత్తుకుంటున్నది అదేగా!"

అక్క లాప్‌టాప్‌ని రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి, మూతులు బిగించి రబ్బరు బ్యాండ్లు వేసింది. ఒకటి చాలదనిపించి ఇంకొకటి వేసింది. వంటింటి బల్ల మీద నీలం రంగు వైరు, చిన్న రేకు డబ్బాలో వేలిగోరంత మెమరీ కార్డు, టార్చి, స్క్రూడ్రైవరు ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసి సంచీలో పెట్టింది, పెట్టినదాన్ని మళ్లీ తీసి చూసుకుంది. ఎవరు ఎక్కడికి బయల్దేరినా ఆమెకు ఇంతే. పక్కవీధికి వెళ్లేవాళ్లనైనా మలుపు తిరిగేదాకా చూస్తే గాని లోపలికి రాదు. తల్లి పోయినప్పుడు తమ్ముడు చంకలో పిల్లాడు. అప్పటి నుంచి వాడి సంచీలన్నీ ఆమే సర్దింది. బడి సంచీ, హాస్టలు పెట్టె, పెళ్లి సూట్‌కేసు. ఏ సంచీ జిప్పు వేసినా, మళ్లీ దాన్ని విప్పేది తన చేతులే కావాలని లోపల ఒక మొక్కులాంటిది అనుకునేది.

ఈ సంచీ ఎందుకో చెప్పాలి.

వాళ్ల రేవుకు ఎదురుగా సముద్రంలో ఒక రాతిదిబ్బ ఉంది. దాని మీద ఒక ఇనుప స్తంభం, స్తంభం పక్కన సిమెంటు గది, గదిలో ఒక పెట్టె. చేపల బోట్లలో ఉండే రేడియో సెట్లు చిన్నవి. వాటి మాట రేవుదాకా రాదు, రేవు మాట వాటిదాకా పోదు. ఒక బోటు పక్క బోటుతో నేరుగా మాట్లాడడానికి కూడా ఆ సెట్లకు వీల్లేదు. ఏ మాటయినా దిబ్బ మీది పెట్టె అందుకుని, బలంగా మళ్లీ పలికితేనే అవతలివాళ్లకు వినపడుతుంది. ఆ పెట్టెని బాగుచేసే మెకానిక్కు తమ్ముడు. ఆ పెట్టెతో సహా రేవు ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ కాపలా అక్క.

ఆఫీసులో ఆమెను తాళాల మేడం అంటారు. ఎదురుగా కాదు, వెనకాల. ఆవిడకీ తెలుసు. పాస్‌వర్డు మార్చండి, అందరూ ఒకే పాస్‌వర్డు వాడకండి, అద్దం కింద చీటీ మీద రాసిపెట్టుకోకండి, అవసరం లేని పని అవసరం లేనివాళ్ల చేతికి ఇవ్వకండి అని వెంటపడి చెప్పేది. రేవు ఆఫీసరు గారి పాస్‌వర్డు ఆయన కుక్క పేరు. కాదండీ, మార్చాలి అని నెలరోజులు పోరితే ఆయన మార్చాడు. రెండో కుక్క పేరు పెట్టాడు.

అందరికీ ఆమె నేర్పిన మొదటి నియమం ఒకటుంది. "తెలియని ఉత్తరం తెరిచినా, తప్పు బటన్ నొక్కినా, ఆ క్షణమే వచ్చి చెప్పండి. చెప్పినవాళ్లని నేను ఏమీ అనను. దాస్తే మాత్రం ఊరుకోను. చిల్లు ఎక్కడుందో తెలిస్తేనే కదా పూడ్చేది." ఆ నియమాన్ని అందరికంటే గట్టిగా పట్టుకున్నది రేడియో గదిలో కూర్చునే ఆవిడ. గొంతు పెద్దది కాబట్టి ఆమెను మైకు పిన్ని అంటారు. వారానికొకసారి వచ్చి గుమ్మంలో నిలబడేది. "మేడం, నాకు కారు బహుమతి వచ్చిందట. నొక్కేశాను. ఏం చేసుకుంటారో చేసుకోండి."

అందరికీ ఇన్ని చెప్పిన అక్క తనే ఒక దారి తెరిచి పెట్టింది.

కిందటేడు గాలుల కాలంలో ఆ పెట్టె మొరాయిస్తే తమ్ముడు దిబ్బకు వెళ్లాడు. అక్కడ దిగడానికి మెట్లున్నాయి గాని, కింది మెట్లు ఎప్పుడూ నీళ్లలోనే. అల కొట్టి వాణ్ణి రాతికి అదిమేసింది. పక్కటెముకలు విరిగి మంచాన పడ్డాడు. అక్క ఆ మంచం పక్కన కూర్చుని, వాడు దగ్గినప్పుడల్లా తన పక్కటెముకలు పట్టుకునేది. చేసే పనల్లా పెట్టెని ఆపి మళ్లీ వెలిగించడమే. ఇంట్లో కూర్చుని ఫోనులోంచి కూడా చేయొచ్చు. కానీ బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్కులోకి వచ్చేవాళ్లు ముందు గుమ్మంలో పాస్‌వర్డు చెప్పాలి, ఆ తర్వాత ఫోనుకు వచ్చే కోడు చెప్పాలి. తమ్ముడి ఇంట్లో సిగ్నలు అంతంత మాత్రం. కోడు వచ్చేసరికి దాని గడువు అయిపోయేది. "ఈ కోడు కోసం కూర్చునే బదులు పడవేసుకుని వెళ్లొచ్చేయొచ్చు అక్కా," అనేవాడు. ఒకసారి అన్నంత పనీ చేశాడు. పక్కటెముకలకు కట్టు ఇంకా విప్పలేదు.

ఆ రోజే ఆమె ఆఫీసు నెట్‌వర్కుకు కాపలా గోడలాంటి ఫైర్‌వాల్‌లో ఒక మినహాయింపు రాసింది. బయటి నుంచి నేరుగా దిబ్బ మీది పెట్టెకు. కోడు అక్కర్లేదు, పాస్‌వర్డు చాలు. పక్కన "తాత్కాలికం" అని కూడా రాసుకుంది. ఆ పెట్టెలో దొంగిలించడానికి ఏముంది అనుకుంది. స్నానాల గది కిటికీలోంచి దూరేవాడు సబ్బు కోసం దూరడని ఆమె పదిమందికి చెప్పిన మాటే. ఆ పెట్టె పాతది, తయారుచేసినవాళ్లు దానికి మరమ్మతులు పంపడం మానేశారు. లోపల ఆఫీసులో గదికీ గదికీ మధ్య గోడలు లేవు. రేడియో గది యంత్రం, లెక్కల గది యంత్రం, ఆఫీసరు గారి యంత్రం అన్నీ ఒకే హాల్లో చాపలేసుకుని పడుకున్న చుట్టాల్లా ఉండేవి. మధ్యలో గోడలు కట్టాలని ఆమె అడుగుతూనే ఉంది. వచ్చే నెల చూద్దాం అని వాళ్లు అంటూనే ఉన్నారు.

లోకంలో రాత్రీ పగలూ తలుపులు తట్టుకుంటూ తిరిగే ప్రోగ్రాములు ఉంటాయి. వాటికి ఎవరిమీదా కోపం ఉండదు. ఏది తెరుచుకుంటే దాంట్లోకి వెళ్తాయి. ఆ మంగళవారం పొద్దున ఆఫీసు తెరిచేసరికి ప్రతి తెర మీదా ఒకటే మాట. మీ ఫైళ్లకు తాళం వేశాం, తాళంచెవి కావాలంటే మాకు రాయండి. దిబ్బ మీది పెట్టె మూగబోయింది. అప్పటికే బోట్లన్నీ తెల్లవారుజామున వేటకు వెళ్లిపోయాయి. వాతావరణం వాళ్ల హెచ్చరిక తర్వాత వచ్చింది. సాయంత్రానికి పెనుగాలి.

"వాళ్లకు రాస్తే తాళంచెవి ఇస్తారేమోనండీ?" అన్నాడు ఆఫీసరు.

"ఇచ్చే మనుషులైతే వేసేవాళ్లే కాదండీ," అంది అక్క. అప్పటికే రాకపోకల చిట్టా చూసింది. దొంగ ఏ దారిన వచ్చాడో తెరమీద ఆమె కళ్ల ముందే ఉంది. ఆ మినహాయింపును చెరిపేసింది. తర్వాత లేచి నిలబడి ఆయనకు చెప్పింది. "నేను తెరిచిన దారేనండీ. తమ్ముడి కోసం తెరిచాను."

ఆయన తిట్టలేదు. కిటికీలోంచి సముద్రం వైపు చూస్తూ ఉండిపోయాడు. తిడితే కొంచెం ఊపిరి ఆడేదేమో.

పెట్టెని ఇక్కడి నుంచి కదిలించడానికి ఆమె చేయని ప్రయత్నం లేదు. పాత పాస్‌వర్డు వాళ్లు మార్చేశారు. పెట్టెలో నడిచే ప్రోగ్రాముల నకలు ఆఫీసు కంప్యూటర్లలోనే ఉంది, దానికీ తాళం పడింది. ఇంకొక నకలు మాత్రం కార్డులో ఉంది. ఏ నెట్‌వర్కుకూ ఎప్పుడూ తగిలించని ఒక లాప్‌టాప్‌ను, ఆ కార్డును ఆమె బీరువాలో వేరుగా పెట్టుకుంది. ఆ ఒక్క పని మాత్రం సరిగ్గా చేసింది. కానీ అది ఎక్కించాలంటే ఎవరో ఒకరు దిబ్బ మీదికి వెళ్లాలి, పెట్టె వెనకున్న బటన్ వేలితో నొక్కి పట్టుకోవాలి.

"నేను ఎవర్నీ వెళ్లమనను," అన్నాడు ఆఫీసరు. "ఈ సముద్రంలోకి వెళ్లమనే హక్కు నాకు లేదు."

తమ్ముడు ఫోనులో, "సామాను పట్టుకుని ఇంటికి రా అక్కా, చూద్దాం," అన్నాడు. అందుకని వచ్చింది. సామాను ఇవ్వడానికి కాదు. ఎలాగైనా వాణ్ణి ఆపడానికి. వాడు వినకపోయేసరికి ఆమె చేతులు అలవాటు కొద్దీ సంచీ సర్దడం మొదలుపెట్టాయి.

తమ్ముడు వరండాలో బూట్లు వేసుకుని నిలబడి సముద్రం చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత లోపలికి వచ్చి కుర్చీలో కూలబడి ఒక బూటు విప్పేశాడు.

"మరీ ఎక్కువగా ఉంది," అన్నాడు. "బోట్లవాళ్లు ఆకాశం చూసి వాళ్లే వచ్చేస్తార్లే. మనం చెప్పాలా వాళ్లకి? మన రేడియో లేనప్పుడు వాళ్ల తాతలు వేటకి పోలేదా ఏంటి?"

"అబ్బ, ఇప్పటికి మీకు బుద్ధొచ్చింది," అంది మరదలు. మొహం విప్పారింది. స్టవ్ వెలిగించి టీకి నీళ్లు పెట్టింది. "వదినా, మీరూ కూర్చోండి. ఆ సంచీ అవతల పడేయండి."

అక్క బతికించావురా నాయనా అనుకుని అక్కడే పీట మీద కూర్చుంది. బోట్ల మీదున్న మనుషులు గుర్తొచ్చారు. వాళ్ల ఇళ్లలోనూ అక్కలుంటారని గుర్తొచ్చింది. ఆ తలపును పక్కకు నెట్టేసింది. ముందు వీడు వెళ్లకపోతే చాలు.

తమ్ముడు రెండో బూటు విప్పుతూ నవ్వాడు. "అది సరే గాని, ఇంతకీ తలుపు బార్లా తీసి పడుకున్న మహానుభావుడు ఎవరక్కా? మైకు పిన్నేనా? ఈసారి విమానం బహుమతి వచ్చిందా?"

ఇంకా చూస్తున్నాంరా అనొచ్చు. తెలియదు అనొచ్చు. ఒక్క అబద్ధం. కానీ తను నేర్పిన నియమం ఆ ఇంట్లో అందరికీ తెలుసు, దాన్ని అనుకరించి నవ్వించేవాడే ఎదురుగా కూర్చుని అడుగుతున్నాడు. ఇన్నేళ్లు పదిమంది చేత తప్పులు చెప్పించిన నోరు, తన వంతు వచ్చేసరికి దాచుకోలేకపోయింది.

"పిన్ని కాదురా. నేనే. నీ ఫోను కోసం తీశానే, ఆ దారి. దాన్నుంచే వచ్చారు."

తమ్ముడు విప్పిన బూటు కింద పెట్టాడు.

"కోడు రావట్లేదని నేను గొడవ చేసినప్పుడు?"

"ఊఁ."

"అంటే నా మూలంగానన్నమాట."

"నీ మూలంగా కాదు. తీసింది నేను. తీయనని చెప్పాల్సింది నేను. నీకేం తెలుసు?"

వాడు విప్పిన బూట్లను దగ్గరికి లాక్కుని మళ్లీ వేసుకోవడం మొదలుపెట్టాడు. ఆ బూట్ల లేసులు బిగిస్తుంటే అక్క వంగి వాడి పాదాలను రెండు చేతులతో పట్టుకుంది.

"వద్దురా. చెప్పిన మాట విను. నీ కాళ్లు పట్టుకుంటాను."

"ఇప్పుడు పట్టుకున్నవి కాళ్లేగా," అన్నాడు నవ్వబోతూ. నవ్వు రాలేదు. "బోట్లలో ఎంతమంది ఉన్నారక్కా? నా బద్ధకం కోసం తీసిన దారికి వాళ్లు పోవాలా? ఇంట్లో కూర్చుని నేను టీ తాగాలా?"

"ఏమండీ!" మరదలు గరిటె పట్టుకునే వచ్చింది. మొగుణ్ణి చూసి, ఆడపడుచును చూసింది. "ఇప్పుడే చెప్పాలా వదినా మీరు? రేపు చెప్తే ఏం పోయింది?"

ఆ మాటకు జవాబు అక్కకు ఆ తర్వాత ఎప్పటికీ దొరకలేదు.

రేవు మెట్ల దగ్గర లాంచీ నడిపే సరంగు ఇంజను నడిపిస్తూ ఉన్నాడు. పెద్ద వయసు మనిషి, మాట తక్కువ. తమ్ముడు దిగుతుంటే, "అటూ ఇటూ చూడకు. దూకమన్నప్పుడు దూకు, అంతే," అన్నాడు.

"నువ్వు పెళ్లినాడు చెప్పిన మాటే కదయ్యా ఇది," అన్నాడు తమ్ముడు. సరంగు నవ్వాడు. మరదలు నవ్వలేదు. అక్క చేతికి అందినంత దూరం వాడి చొక్కా సర్దింది, కాలరు పైకి లేపి, ఇంజను మోతలో వాడికే వినపడేలా చెవిలో చెప్పింది.

"పని కాగానే గదిలోనే ఉండిపో. గాలి తగ్గేదాకా బయటికి రావద్దు. రేపొస్తే రేపు. వింటున్నావా?"

"వింటున్నా. నువ్వు ఆఫీసుకి పో. నేను పెట్టె తెరిచేసరికి నువ్వు అవతల ఉండాలి."

లాంచీ కదిలింది. మలుపు తిరిగేదాకా చూసే మనిషి ఈసారి చూడలేదు. చూస్తూ నిలబడితే అక్కడ ఆఫీసులో రేడియో యంత్రం శుభ్రం కాదు. తమ్ముడు దిబ్బ మీద పలికినా ఇక్కడ వినే చెవి ఉండదు. వెనక్కి తిరిగి పరుగెత్తింది. వయసు గుర్తు రాలేదు, చెప్పు తెగింది గుర్తు రాలేదు.

రేడియో గదిలో మైకు పిన్ని మూగ యంత్రం ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ గదిలో ఆవిడ గొంతు వినపడకపోవడం అదే మొదలు. అక్క ఆ యంత్రాన్ని మిగతా వాటి నుంచి వైరు పీకి వేరు చేసింది. ఇదివరకే వేరు చేసి ఉండాల్సింది. దాంట్లో ఉన్నదంతా తుడిచేసి మొదటి నుంచి ఎక్కించడం మొదలుపెట్టింది. తెర మీద గీత నెమ్మదిగా నిండుతోంది. కిటికీ అద్దాలు టపటపమంటున్నాయి. గీత సగందాకా వచ్చి ఆగింది. ఆమె తెరకు దణ్ణం పెట్టింది. యంత్రాలకు దణ్ణాలు అక్కర్లేదని తెలిసిన మనిషే. మళ్లీ కదిలింది.

"మేడం, ఏమైనా తిన్నారా?" అని అడిగింది పిన్ని.

"వాడు తిన్నాడా లేదా అని ఆలోచిస్తున్నాను. టీ కూడా తాగలేదు."

ఆఫీసరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. లోపలికి రాడు, వెళ్లిపోడు. "దిగి ఉంటాడా?" అన్నాడు. అక్క తెర మీది గీతనే చూస్తోంది. మళ్లీ, "దిగే ఉంటాడు లెండి," అని తనకు తనే చెప్పుకున్నాడు.

యంత్రం లేచింది. స్పీకరులో ఉత్త గాలి చప్పుడు. ముగ్గురూ ఆ చప్పుడు వింటూ కూర్చున్నారు. అక్క లోపల బేరం పెడుతోంది, ఎవరితోనో తెలియదు. నా ఉద్యోగం పోనీ, నా పేరు చెడిపోనీ, ఇంకెప్పుడూ వాడి ఇంటి గుమ్మం తొక్కవద్దన్నా సరే, ఆ గదిలోకి మాత్రం వాడు చేరనీ.

గాలి చప్పుడు తెగింది. "అక్కా. వినపడుతోందా?"

పిన్ని చెంపలు వాయించుకుంది. అక్క మైకు లాక్కుంది గాని మాట రాలేదు. మూలుగులాంటిదేదో వచ్చింది.

"ఏడవకు, మైకు తడిస్తే అదో మరమ్మతు," అన్నాడు తమ్ముడు. రొప్పుతున్నాడు. "దిగాను. నిలువెల్లా తడిశాను, లాప్‌టాప్ తడవలేదు. కార్డు ఎక్కించాను. ఎవరికి చెప్పాలో వాళ్లకి చెప్పించు, ముందు ఆ పని కానీ."

పిన్ని మైకు అందుకుంది. పొద్దుటి నుంచి కట్టిపెట్టిన గొంతు ఒక్కసారి విప్పింది. పచ్చ బోటు, ఎర్రతెడ్ల బోటు, రెండు గొట్టాల బోటు, ముసలాయన బోటు. పేరు పేరునా పిలిచింది. "వలలు కోసేయండి, వచ్చేయండి. వల మళ్లీ కొనుక్కుందురు గాని, ముందు రండి నాయనలారా." ఒక్కొక్క బోటూ పలికింది. ఒకడు వల వదలనన్నాడు. పిన్ని వాడి పెళ్లాం పేరెత్తి తిట్టిన తిట్టు దిబ్బ మీదుగా సముద్రమంతా వినపడింది. వాడు వదిలేశాడు. చివరి బోటు పలికేసరికి పిన్ని గొంతు పూడిపోయింది. ఆఫీసరు అటు తిరిగి కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

అప్పుడు అక్కకు మిగిలిన పని గుర్తొచ్చింది. కొత్తగా లేచిన ఆ పెట్టెకు ఇప్పుడున్నది తయారుచేసినవాళ్లు ఇచ్చిన మొదటి పాస్‌వర్డు. అది లోకమంతటికీ తెలుసు. బయటి దారి పొద్దునే మూసింది, నిజమే. కానీ లోపలికి వచ్చినవాడు వెళ్లిపోయాడని ఎవరు చెప్పారు? మూడు గదులు వెతికితే ఇల్లంతా వెతికినట్టు కాదు. ఆఫీసులో ఇంకా ఏ యంత్రంలో దాక్కుని ఉన్నాడో తెలియదు. వాడు మళ్లీ ఆ పెట్టెని పట్టుకుంటే, బోట్లు దారిలో ఉండగా మాట తెగిపోతుంది. లోపల ఉన్నాడనే అనుకుని పని చేయాలి. ఇది ఆమె వృత్తిలో అన్నిటికంటే పాత పాఠం. ఒకసారి తేలిగ్గా తీసుకున్నందుకు ఈ రోజు ఇలా ఉంది.

"తమ్ముడూ, పాస్‌వర్డు మార్చాలి. ఆఫీసు నుంచి ఈ ఒక్క యంత్రం తప్ప ఇంకేదీ పెట్టెని తాకకుండా గోడ పెట్టాలి. నేను చెప్తాను, నువ్వు కొట్టు."

"ఇప్పుడేనా?"

"ఇప్పుడే. ఆలస్యం చేస్తే మళ్లీ వస్తారు."

పాస్‌వర్డు బోట్లలో వినపడకూడదని, పెట్టెకూ ఆఫీసుకూ మధ్య మాత్రమే నడిచే లైనులోకి మారి ఆమె ఒక్కొక్కటీ చెప్పింది. వాడు ఒక్కొక్కటీ కొట్టి, కొట్టింది చదివి వినిపించాడు. చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పించుకున్నట్టే ఉంది. చివరికి వచ్చారు.

"ఇంక ఆపి మళ్లీ వెలిగించాలి కదా," అన్నాడు. "అయిదారు నిమిషాలు మాట ఉండదు."

"ఫర్వాలేదు. బోట్లన్నిటికీ చెప్పేశాం. గదిలోనే ఉండు. రేపొద్దున వద్దువు గాని."

"సరే. ఇంట్లో దానికి చెప్పు, పొడిబట్టలు పైన పెట్టడం మంచిదయిందని." కొంచెం ఆగి, "అక్కా, ఇంకెప్పుడూ నాకోసం దార్లు తీయకు. నాకు కోడులే బాగున్నాయి," అన్నాడు.

"తీయనులేరా. ఆపు ఇంక."

ఆపాడు. స్పీకరులో ఏమీ లేదు, గాలి చప్పుడు కూడా లేదు.

అక్క కుర్చీలో వెనక్కి వాలింది. పొద్దుటి నుంచి మొదటిసారి వెన్ను ఆనింది. పిన్ని ఎవరి డబ్బాలోంచో రెండు బిస్కెట్లు తెచ్చి చేతిలో పెట్టింది. ఒకటి కొరికింది. అది నోట్లో ఉండగానే ఆమెకు ఒక సంగతి తట్టింది. లాంచీ ఇంకా దిబ్బ దగ్గరే ఉంది. సరంగు వాడి కోసం అలల్లో తిరుగుతూ ఉన్నాడు. వాడు అక్కడే ఉండిపోతున్నాడని సరంగుకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలన్నా పెట్టె ఆగి ఉంది. పెట్టె ఆగితే సరంగు సెట్టుకు మాట పోదు.

వాడికీ ఇది తట్టి ఉంటుంది. తట్టకుండా ఉంటే బాగుండు. సరంగు పెద్దవాడు, గాలిలో నిలబెట్టడం తప్పు అనుకుంటాడు. చేత్తో వెళ్లిపొమ్మని చెబుదామనుకుంటాడు. చెయ్యి కనపడాలంటే కిందికి దిగాలి.

"పెట్టె ఎప్పుడు లేస్తుంది పిన్నీ?" అని అడిగింది. ఆ సంగతి తనకు తెలిసినట్టు పిన్నికి తెలియదు. పెట్టె ఎంతదాకా లేచిందో చూపే తెర మీది చుక్కలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. మధ్యలో ఆపే వీలు లేదు, తొందరపెట్టే వీలు లేదు. ఇంకెవరూ జొరబడకుండా ఆమె తన చేతులతో వేసిన గడియ అది. అది పడేదాకా ఆమెకూ దారి లేదు. లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. వాన తెర కట్టేసింది, దిబ్బ కనపడలేదు. మళ్లీ వచ్చి తెర ముందు నిలబడింది. "తొందరగా, తొందరగా తల్లీ," అంటోంది పైకే. ఆఫీసరు గుమ్మం వదిలి లోపలికి వచ్చాడు.

చివరి చుక్క వెలిగింది. స్పీకరులో గాలి చప్పుడు తిరిగి వచ్చింది.

"తమ్ముడూ."

గాలి.

"తమ్ముడూ, పలుకు. చిన్నోడా."

గాలి. తర్వాత ఒక గొంతు. సరంగు గొంతు. ఆ మనిషి అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడడం ఎవరూ వినలేదు.

"మేడం, మెట్ల దగ్గరికి వచ్చాడు మేడం. వెళ్లిపొమ్మని చెయ్యి ఊపాడు. నాకు అర్థమైంది, నేనూ చెయ్యి ఊపాను. లాంచీ తిప్పుతున్నాను. తిప్పి చూసేసరికి మెట్లు కనపడలేదు, అంతా తెల్లగా నురగ. మళ్లీ మెట్లు కనపడ్డాయి. మనిషి లేడు. తిరుగుతున్నాను మేడం, తిరుగుతూనే ఉన్నాను. తాడు వేశాను. పిలుస్తున్నాను."

"తిరుగు," అంది అక్క. "తిరుగు, అన్నా. వెళ్లిపోకు."

సరంగు డీజిలు అయిపోవచ్చేదాకా తిరిగాడు. ఒడ్డుకు వస్తున్న బోట్లలో మూడు దారి మళ్లి దిబ్బ చుట్టూ తిరిగాయి. ముసలాయన బోటు అందరికంటే ఎక్కువసేపు తిరిగింది. వాళ్లను ఇంక వచ్చేయమని పిలవాల్సి వచ్చినప్పుడు పిన్ని గొంతు లేవలేదు. ఆఫీసరే మైకు తీసుకుని పిలిచాడు. అక్క ఆయన చెయ్యి పట్టుకుని మైకు లాగబోయింది. ఆయన వదల్లేదు.

చీకటి పడకముందే బోట్లన్నీ రేవుకు చేరాయి. వాటిలోంచి దిగిన మనుషుల్ని వాళ్లవాళ్లు తడిబట్టలతోనే కావలించుకుని ఇళ్లకు తీసుకుపోయారు. మరదలు మెట్ల మీద నిలబడి ప్రతి బోటులోంచి దిగే ప్రతి మొహాన్నీ చూసింది. అక్క దగ్గరికి వెళ్తే పక్కకు జరిగింది. ఆఖరి బోటు కట్టేశాక కూడా ఇద్దరూ అక్కడే, చెరో మెట్టు మీద కూర్చున్నారు.

అక్క ఆ ఉద్యోగంలోనే ఉంది. నెల తిరక్కుండా లోపల గోడలు కట్టారు. గదికొక గోడ, గోడకొక తలుపు. ఎవరు ఏ మినహాయింపు అడిగినా, కారణం కూడా వినకుండా కుదరదని చెప్పింది. దిబ్బ మీది పెట్టె మళ్లీ ఎప్పుడూ మూగబోలేదు.

తమ్ముడు తిరిగి రాలేదు. అతను వెళ్లింది నవంబరు నెల రెండో మంగళవారం పొద్దున. మెట్ల మీద సరంగు అతణ్ణి ఆఖరిసారి చూసింది ఆ మధ్యాహ్నం మూడు దాటాక.